కాగితం మీద చేసే లెక్కకు దేశాలు దాటడం ఎందుకు? సంఖ్యా సిద్ధాంత పరిశోధకుల పని, ప్రయాణం, కొలువు

పర్లాకిమిడిలో గణితం ఎమ్మెస్సీ పూర్తిచేసిన ఒక అమ్మాయికి సంఖ్యా సిద్ధాంతంలో పరిశోధన చేసే అవకాశం వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన ఆమె తండ్రి, సంతోషంతో పాటు ఒక సందేహాన్ని కూడా వెంట తెచ్చుకున్నారు. "మాస్టారూ, మందులు కనిపెట్టేవారికి ప్రయోగశాల కావాలి, గనులు వెతికేవారు కొండలెక్కాలి. లెక్కలు కాగితం మీద చేసుకునేవే గదండీ! ముందు చెన్నై అంటున్నారు, ఆ తరువాత ఫ్రాన్సో జర్మనీయో వెళ్లాలంటున్నారు. ఎందుకండీ?" అని అడిగారు. బరంపురంలో 2016లో ఐసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ మొదలైన తరువాత గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో పరిశోధన అన్న మాట కొంత దగ్గరైంది గాని, ఆ పని ఎలా సాగుతుందో, అందులో ప్రయాణానికి చోటెక్కడో విడమరిచి చెప్పేవారు తక్కువ. ఆ తండ్రికి నేను నిలబడి చెప్పిన నాలుగు మాటలు చాలవనిపించి, వాటినే ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

పేరుతోనే మొదలయ్యే అయోమయం

తెలుగులో సంఖ్యాశాస్త్రం అనగానే చాలామందికి పేరులోని అక్షరాలకు అంకెలు కట్టి జాతకం చెప్పే పద్ధతి గుర్తుకొస్తుంది. సిద్ధాంతి అన్నామంటే పంచాంగం కట్టే పెద్దమనిషి కళ్లముందు నిలుస్తాడు. సంఖ్యా సిద్ధాంతానికి, అంటే నంబర్ థియరీకి, ఈ రెండింటితోనూ సంబంధం లేదు. 1, 2, 3, 4 అంటూ సాగే పూర్ణాంకాల మధ్య ఉన్న సంబంధాలను కనిపెట్టి, అవి ఎల్లప్పుడూ నిజమేనని నిరూపించే గణిత శాఖ అది. నిరూపణ అంటే పది ఉదాహరణలు సరిపోయాయని చూపడం కాదు. లెక్కలేనన్ని సంఖ్యల్లో ఒక్కటి కూడా తప్పిపోదని తర్కంతో తేల్చడం.

ఈ తేడాను మన కొండల నుంచే చూపించవచ్చు. గజపతి, రాయగడ జిల్లాల సవరలు పన్నెండు దాకా విడివిడి పేర్లతో లెక్కపెట్టి, పదమూడును పన్నెండూ ఒకటీ అంటారు; ఇరవైకి మళ్లీ వేరే పేరు ఉంది, ముప్పై రెండు వారికి ఇరవై పన్నెండు. మనం పదుల్లో లెక్కిస్తాం గనుక పదమూడును 13 అని రాసి, కావాలంటే ఒకటీ మూడూ కలిపి నాలుగు అంటాం. ఆ నాలుగు మన రాత పద్ధతి వల్ల పుట్టిందే తప్ప ఆ సంఖ్యలో లేదు. పన్నెండు మీద లెక్కించేవారికి అది కనబడదు. కాని పదమూడు చింతపిక్కలను తీసుకుని సమానమైన వరుసలుగా పేర్చబోతే, ఒకే బారుగా తప్ప ఏ భాషలోనూ పేర్చలేం. పదమూడు ప్రధాన సంఖ్య అన్న మాటకు అర్థం ఇదే. జాతకం చెప్పేవారు అంకెను చూస్తారు, సంఖ్యా సిద్ధాంతం సంఖ్యను చూస్తుంది.

సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆ భాషను సవరల నుంచే నేర్చుకున్నారు. భాష మనుషుల నోట ఉంటుంది గనుక వారి దగ్గరికి వెళ్లక తప్పదు. సంఖ్యలు అలా ఒక చోట ఉండేవి కావు. అందుకే ఆ తండ్రి ప్రశ్నకు బలం ఉంది.

తూకం రాళ్లతో ఒక పాత సమస్య

పరిశోధకులు రోజంతా దేని మీద కూర్చుంటారో తెలియాలంటే ఒక సమస్యను దగ్గరగా చూడాలి. కేంబ్రిడ్జి ఆచార్యుడు ఎడ్వర్డ్ వేరింగ్ 1770లో లేవనెత్తిన సమస్యను తీసుకుందాం.

ఒక కొట్టులో 1, 8, 27, 64, 125 కిలోల తూకం రాళ్లు మాత్రమే ఉన్నాయని అనుకోండి. ఇవి 1, 2, 3, 4, 5 సంఖ్యల ఘనాలు. ప్రతి రకం రాయీ ఎన్నైనా దొరుకుతుంది. 23 కిలోల బస్తా తూచడానికి కనీసం ఎన్ని రాళ్లు కావాలి? 27 కిలోల రాయి పనికిరాదు, ఎక్కువైపోతుంది. 8 కిలోల రాళ్లు రెండు పెడితే 16. మిగిలిన 7 కిలోలకు కిలో రాళ్లు ఏడు. మొత్తం తొమ్మిది. ఒకటే 8 పెడితే పదహారు రాళ్లు, అసలు పెట్టకపోతే ఇరవై మూడు. కాబట్టి 23కు తొమ్మిది రాళ్లు తప్పవు. 239కి కూడా తొమ్మిది కావాలి: 64 కిలోలవి రెండు, 27 కిలోలవి నాలుగు, కిలో రాళ్లు మూడు.

వేరింగ్ అన్నది ఏమిటంటే, బస్తా ఎంత పెద్దదైనా తొమ్మిదికి మించి రాళ్లు అక్కరలేదని. వర్గాలకైతే నాలుగు చాలనీ, నాలుగో ఘాతాలకు పందొమ్మిది చాలనీ, ఇలాగే ప్రతి ఘాతానికీ ఒక హద్దు ఉంటుందనీ ఆయన నిరూపణ లేకుండా రాశాడు. వర్గాల మాటను అదే 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. ప్రతి ఘాతానికీ ఏదో ఒక హద్దు ఉండితీరుతుందని 1909లో హిల్బర్ట్ తేల్చాడు. ఘనాలకు తొమ్మిది చాలని అదే ఏడు వీఫరిచ్ నిరూపించాడు గాని, అందులో ఒక సందు ఉండిపోయింది. దాన్ని 1912లో కెంప్నర్ పూడ్చాడు. ఒకరి నిరూపణలోని లోపాన్ని మరొకరు పట్టుకోవడం, సరిదిద్దడం ఈ వృత్తిలో అవమానం కాదు, రోజువారీ పని. ప్రయాణాల సంగతికి వచ్చినప్పుడు ఈ మాటే మళ్లీ అవసరమవుతుంది.

హద్దు ఎంతో ఊహించే సూత్రం హైస్కూలు పిల్లలకు కూడా అందేదే. ఘాతం 3 అనుకోండి. 3 ఘనం 27ను, 2 ఘనం 8తో భాగించి, శేషం వదిలేసి భాగఫలం 3 మాత్రం తీసుకోవాలి. దానికి 8 కలిపి 2 తీసేస్తే 9. ఘాతం 4కు 81ని 16తో భాగిస్తే భాగఫలం 5. 16 కలిపి 2 తీసేస్తే 19. ఘాతం 5కు 243ను 32తో భాగిస్తే 7, హద్దు 37. ఘాతం 6కు 729ని 64తో భాగిస్తే 11, హద్దు 73. ఇంతకు తక్కువ రాళ్లతో పని జరగదని చూపడం తేలిక. 23 చేసిన పనే నాలుగో ఘాతంలో 79 చేస్తుంది. నాలుగు 16లు, పదిహేను 1లు, వెరసి పందొమ్మిది. కాని ఇంతకు మించి ఎన్నడూ అక్కరలేదని చూపడమే కష్టం. ఘాతం 6కు ఆ పని 1940లో తమిళనాడుకు చెందిన ఎస్. ఎస్. పిళ్లై పూర్తిచేశారు. ఘాతం 5కు 1964లో చైనాకు చెందిన చెన్ జింగ్‌రున్, ఘాతం 4కు 1986లో మన ఆర్. బాలసుబ్రమణియన్, ఫ్రాన్సుకు చెందిన దెజూయే, ద్రెస్ కలిసి ముగించారు. 4, 5, 6 వంటి చిన్న ఘాతాలు చివరికి తేలడం ఇందులోని విచిత్రం. 7, అంతకు పై ఘాతాలకు వర్తించే పెద్ద ఫలితాలను 1936 ప్రాంతంలోనే అమెరికాలో డిక్సన్, అణ్ణామలై విశ్వవిద్యాలయంలో పిళ్లై, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా సాధించారు.

"తేలింది" అన్న మాటకు ఉన్న అంతరాలు

పత్రికల్లో ఒక సమస్య పరిష్కారమైందని చదివినప్పుడు ఏ మేరకు పరిష్కారమైందో చూసుకోవాలి. పైన చెప్పిన సూత్రం ఒక చిన్న షరతు నెరవేరే ప్రతి ఘాతానికీ సరైనదే. ఆ షరతు 47 కోట్ల 16 లక్షల ఘాతం దాకా నెరవేరుతోందని 1990లో కంప్యూటరుతో సరిచూశారు. షరతు తప్పే ఘాతాలు ఉన్నా పరిమితంగానే ఉంటాయని మాలర్ 1957లో నిరూపించాడు. అయితే అవి ఎక్కడితో ఆగిపోతాయో ఆ నిరూపణ చెప్పదు. అంటే యంత్రం చూసిన హద్దుకీ, తర్కం ఇచ్చిన హామీకీ మధ్య ఎంత దూరమో తెలియని ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఇంకా పూడలేదు.

ఇంకో కొస కూడా తెరిచే ఉంది. ఘనాలకు తొమ్మిది రాళ్లు అవసరమయ్యేవి 23, 239 రెండే రెండని డిక్సన్ 1939లో చూపించాడు. 454 దాటిన ప్రతి సంఖ్యకూ ఏడు ఘనాలు చాలని 2016లో సిక్సెక్ నిరూపించాడు. మరి ఇంకా పెద్ద సంఖ్యలకు ఆరు చాలునా, అయిదా, నాలుగా? నాలుగుకు తగ్గదని తెలుసు, ఏడుకు మించదని తెలుసు. మధ్యలో ఏది నిజమో నేటికీ ఎవరికీ తెలియదు. కొట్టులో తూకం రాళ్ల లెక్కంత సులువుగా అడగగల ప్రశ్నకు ఇన్నేళ్లుగా జవాబు లేకపోవడమే నన్ను ఈ శాస్త్రం వైపు లాగింది.

జయపురం సొమ్ము, వాల్తేరులో మూడేళ్లు

ఈ కథకు మన ప్రాంతంతో సంబంధం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం, పర్లాకిమిడి, జయపురం మద్రాసు రాజధానిలో భాగాలు. పై చదువుకు వాల్తేరు వెళ్లడం ఇక్కడి తెలుగు కుటుంబాల్లో మామూలు మాట. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, నేటి కోరాపుట్ జిల్లాలోని జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు ఇప్పటికీ ఆయన పేరే.

ఆ విశ్వవిద్యాలయంలో 1933 నుంచి 1936 దాకా గణితాచార్యుడిగా పనిచేసినవాడు సర్వదమన్ చౌలా. లండన్‌లో 1907లో పుట్టి, కేంబ్రిడ్జిలో గణితవేత్త లిటిల్‌వుడ్ దగ్గర 1931లో డాక్టరేటు పొంది, ఢిల్లీలో, కాశీలో బోధించి వాల్తేరు వచ్చాడు. ఆయన 1934లో నిరూపించిన ఒక ఫలితాన్ని ఇలా చెప్పవచ్చు. మూడు వేర్వేరు సంఖ్యలు తీసుకుని, రెండేసి చొప్పున గుణించి, మూడు లబ్ధాలనూ కలపండి. 1, 2, 3 తీసుకుంటే 2, 6, 3 వస్తాయి, మొత్తం 11. 1, 2, 4 తీసుకుంటే 14. 1, 2, 5 తీసుకుంటే 17. ఇలా రానే రాని సంఖ్యలు కొన్ని ఉన్నాయి: 1 నుంచి 10 దాకా అన్నీ, ఆ తరువాత 12, 13, 15, 16. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ అలాంటివి 65 కనిపెట్టాడు; వాటిలో చివరిది 1848. ఆ జాబితా ఎప్పటికైనా ముగియాల్సిందే, అంతులేకుండా సాగదు అని చౌలా నిరూపించాడు. 1848 తరువాత ఇంతవరకు ఇంకొకటి దొరకలేదు.

చౌలా, పిళ్లై ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్నారు, కలిసి వ్యాసాలు ప్రచురించారు. ఉత్తరంతో సాగిన పని అది. 1936లో చౌలా లాహోరు వెళ్లాడు. 1947లో దేశవిభజన ఆయన్ను అక్కడి నుంచి కదిలించింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ ఉన్నత పరిశోధన సంస్థలో గడిపిన కాలంలో నార్వేకు చెందిన సెల్బెర్గ్‌తో పరిచయమై, ఇద్దరూ కలిసి 1949లో ప్రకటించిన సూత్రం నేటికీ వారిద్దరి పేర్లతోనే నిలిచింది. ఆ తరువాత కాన్సస్, కొలరాడో, పెన్సిల్వేనియా. ఈ జీవితంలో కొన్ని ప్రయాణాలు చదువు కోసం, కొన్ని కొలువు కోసం, ఒకటి గత్యంతరం లేక. ఎంచుకున్న ప్రయాణాన్నీ, తప్పనిసరి ప్రయాణాన్నీ ఒకే గాటన కట్టి, ఎన్ని దేశాలు తిరిగాడో చూడమని పిల్లలకు చెప్పడం నాకు సమ్మతం కాదు.

ఎదురెదురుగా కూర్చున్నప్పుడు జరిగేది

అచ్చులో వచ్చే నిరూపణ వండి వడ్డించిన అన్నం వంటిది. ఎన్నిసార్లు మాడిందో, ఏ దారి మూసుకుపోయిందో అందులో ఉండదు. ఆ విఫలమైన దారుల జ్ఞానం మనుషుల దగ్గరే ఉంటుంది, నల్లబల్ల ముందు నిలబడి "ఈ మెట్టు ఎలా ఎక్కావు?" అని అడిగినప్పుడే బయటపడుతుంది. జర్మనీలో నల్లడవి కొండల్లోని ఓబర్‌వోల్ఫాఖ్ గణిత కేంద్రంలో వారం రోజులు కొద్దిమందిని ఒకచోట ఉంచి, భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో రోజూ మార్చేస్తారు. ఫ్రాన్సులో మార్సేయి దగ్గర లూమినీలోనూ, మన బెంగళూరులోని ఐసీటీఎస్ అనే పరిశోధన కేంద్రంలోనూ ఇలాంటి సమావేశాలే సాగుతాయి. నాలుగేళ్లకొకసారి జరిగే ప్రపంచ గణిత మహాసభ 2010లో హైదరాబాదుకు వచ్చింది.

ప్రయాణానికి ఇంకో ప్రయోజనం నిరూపణను పరీక్షకు పెట్టడం. ఆండ్రూ వైల్స్ 1993 జూన్‌లో కేంబ్రిడ్జిలో మూడు ఉపన్యాసాలిచ్చి ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని (రెండు ఘనాలు కలిపితే మరో ఘనం రాదనీ, పై ఘాతాలన్నిటికీ అంతేననీ చెప్పే మాటను) నిరూపించానన్నాడు. ప్రచురణకు ముందు చేసే పరిశీలనలో ఒక మెట్టు నిలవదని బయటపడింది. రిచర్డ్ టేలర్ తోడుతో 1994 సెప్టెంబరులో దారి దొరికింది, 1995లో అచ్చయింది. కెంప్నర్ కాలంలో జరిగిందే ఇక్కడా జరిగింది.

అయితే ఎదురుగా కూర్చుంటే అన్నీ తేలతాయనుకోవడమూ సరికాదు. క్యోటోకు చెందిన మోచిజుకి 2012లో ఏబీసీ ఊహ అనే ప్రసిద్ధ సమస్యను నిరూపించానంటూ నాలుగు దీర్ఘ వ్యాసాలు వెలువరించారు. ఆ ఊహ కూడికకూ గుణకారానికీ ఉన్న సంబంధం గురించినది. 5కు 27 కలిపితే 32. ఈ మూడింటిలోనూ ఉన్న ప్రధాన సంఖ్యలు 5, 3, 2 మాత్రమే, వాటి లబ్ధం 30, మొత్తమైన 32 కంటే చిన్నది. ఇలాంటివి అరుదు, మొత్తం ఆ లబ్ధాన్ని మరీ మించిపోవడం ఇంకా అరుదు అన్నది ఊహ సారాంశం. 2018 మార్చిలో జర్మనీ నుంచి షోల్జె, స్టిక్స్ క్యోటో వెళ్లి, రోజుల తరబడి రచయితతో చర్చించి, నిరూపణలో పూడ్చలేని సందు ఉందని తిరిగివచ్చారు. వారు తన సిద్ధాంతాన్ని తప్పుగా కుదించి అర్థం చేసుకున్నారని మోచిజుకి వాదన. 2021లో ఆ వ్యాసాలు ఆయన సంస్థ నుంచి వెలువడే జర్నల్లోనే అచ్చయ్యాయి, అయినా ఈ రంగంలోని చాలామంది దాన్ని నిరూపణగా అంగీకరించడం లేదు. ఆ ప్రయాణం వివాదాన్ని ముగించలేదు; కాని వివాదం ఏ మెట్టు దగ్గర ఉందో స్పష్టం చేసింది. అంతకు ముందు అది కూడా స్పష్టంగా లేదు.

వెళ్లనవసరం లేదనే పక్షం

దీనికి ఎదురు వాదన బలమైనదే. 1991 నుంచి ఆర్కైవ్ అనే భాండాగారంలో పరిశోధకులు తమ వ్యాసాలను అచ్చుకు ముందే అందరికీ ఉచితంగా పెడుతున్నారు. గుణుపురంలో కూర్చున్న విద్యార్థికీ ప్రిన్స్‌టన్ ఆచార్యుడికీ ఒకే రోజు అందుతాయి. వీడియోలో సెమినార్లు వినవచ్చు. ఇతాంగ్ జాంగ్ అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో పెద్ద పేరు లేని అధ్యాపకుడిగా ఉంటూ, ఒంటరిగా పనిచేసి, ఒకదానికొకటి 7 కోట్లకు మించని దూరంలో ఉండే ప్రధాన సంఖ్యల జంటలు అంతులేనన్ని ఉన్నాయని 2013లో నిరూపించాడు. ఆ 7 కోట్లను ఇంటర్నెట్‌లో బహిరంగంగా సాగిన పాలీమాత్ ఉమ్మడి కృషి, జేమ్స్ మేనార్డ్ విడిగా కనిపెట్టిన పద్ధతి కలిసి ఏడాది తిరగకుండానే 246కు దించాయి. ఆ పురోగతికి విమానం టికెట్లు ప్రధానం కాలేదు.

ప్రయాణానికి అయ్యే వెల కూడా అందరికీ ఒకటి కాదు. వీసా కోసం నెలల ఎదురుచూపు, చిన్న పిల్లలున్న తల్లికి ఇల్లు వదలడం, చేతి ఖర్చు, ఇవన్నీ బరంపురం నుంచి బయలుదేరేవారికి పారిస్ నుంచి బయలుదేరేవారి కంటే ఎక్కువ. పిళ్లై సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. ప్రిన్స్‌టన్‌లో ఏడాది పాటు పనిచేయడానికీ, హార్వర్డ్‌లో జరిగే ప్రపంచ గణిత మహాసభకూ ఆహ్వానం అందుకుని బయలుదేరిన ఆయన, 1950 ఆగస్టు 31న కైరో సమీపంలో కూలిన విమానంలో మరణించారు. తన గొప్ప పనినంతా ఆయన విదేశం వెళ్లకుండానే చేశారు.

రెండు పక్షాలనూ తూచి చూస్తే నాకు కనిపించేది ఇది. ఒంటరిగా సాధించినవారి వెనుక కూడా ఒక చోటు మారిన మలుపు తరచుగా ఉంటుంది. చెన్ జింగ్‌రున్ ఎక్కువగా తన గదిలోనే పనిచేసినవాడు. అయినా ఆయన రాసిన వ్యాసం చూసి గణితవేత్త హువా లోగెంగ్ 1957లో షియామెన్ నుంచి బీజింగ్‌కు పిలిపించకపోతే ఆ పని సాగేది కాదేమో. సమస్యను మోయడం ఒక్కరే చేయవచ్చు. ఏ సమస్య మోయదగినదో తెలుసుకోవడానికి మాత్రం, అది తెలిసినవారి మధ్య కొంతకాలం ఉండాలి. ఆ కొంతకాలం ప్రతి ఏటా విదేశాలకు వెళ్లడంగా మారనవసరం లేదు.

కొలువు దాకా మెట్లు

ఇక ఇంట్లోవాళ్లు అడిగే రెండో ప్రశ్న: స్థిరపడేది ఎప్పుడు? ఎమ్మెస్సీ తరువాత సీఎస్ఐఆర్ నెట్ వంటి పరీక్షతోనో, జాతీయ ఉన్నత గణిత మండలి ఫెలోషిప్‌తోనో పీహెచ్‌డీలో చేరతారు. 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత 42,000. దానికి ఇంటద్దె భత్యం అదనం. పీహెచ్‌డీకి ఇంచుమించు అయిదేళ్లు. ఆ తరువాత పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక కొలువులు రెండేసి మూడేసి ఏళ్ల చొప్పున ఒకటో రెండో చేయాలి, చాలావరకు వేర్వేరు ఊళ్లలో. గురువు నీడ నుంచి బయటపడి సొంత సమస్యను ఎంచుకోగలరా అని చూసే దశ ఇది. అందుకే ఆ అమ్మాయికి ఫ్రాన్సు, జర్మనీ పేర్లు చెప్పారు. శాశ్వత ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటి కొన్నేళ్లు అవుతుంది, రాకపోయే అవకాశమూ ఉంది. ఇది దాచకుండా చెప్పాల్సిన విషయం.

మన జిల్లాల పిల్లలకు దీనిలో అదనంగా ఒక మలుపు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు లేదా హిందీ. నిరూపణను మూడో భాషలో రాయడం మొదట్లో చేతికి రాదు, దాన్ని తెలివి తక్కువతనంగా పొరబడేవారున్నారు. నేను చూసినంతలో, ఒకే లెక్కను రెండు భాషల్లో చెప్పుకునే అలవాటున్న పిల్లలు మాటకూ విషయానికీ తేడాను త్వరగా పట్టుకుంటారు, సవర లెక్కలోని పదమూడును చూసినట్టే.

ఆ తండ్రి రెండు రోజుల తరువాత మళ్లీ వచ్చి, చెన్నై అయిదేళ్లకు ఒప్పుకున్నామనీ, ఫ్రాన్సు మాట అప్పుడు చూద్దామనీ చెప్పారు. పర్లాకిమిడి నుంచి నౌపడ దాకా నలభై కిలోమీటర్లు, అక్కడి నుంచి మద్రాసు వెళ్లే పెద్ద లైను. అమ్మాయి సంచిలో పెట్టుకున్న నోటుపుస్తకం మొదటి పేజీలో 1 నుంచి 454 దాకా ఒక్కో సంఖ్యకు ఎన్ని ఘనాలు కావాలో తానే వేసుకున్న పట్టిక ఉంది.